అల్లాయ్‌లు సరే, స్ప్రింగులు వద్దు

స్విఫ్ట్‌కు 16 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయించినప్పటి నుంచి మా మేనల్లుడిది ఒకటే పోరు: "మామా, చక్రం పైన అంత ఖాళీ ఏమిటి? లోయరింగ్ స్ప్రింగులు వేయించి 30 మిల్లీమీటర్లు దించు." నిజానికి ఖాళీ పెరగలేదు. 185/65 ఆర్15 సైజు టైరు తీసి 195/55 ఆర్16 వేస్తే టైరుతో కలిపి చక్రం ఎత్తు మారదు, రెండూ 621 మిల్లీమీటర్ల దగ్గరే. రిమ్ము పెద్దదై రబ్బరు పలచబడింది కాబట్టి చూపు నేరుగా ఆ ఖాళీ మీదికే పోతోంది. దించితే అందంగా ఉంటుందనడంలో నాకూ అనుమానం లేదు.

కానీ నాది రొయ్యల మేత వ్యాపారం. ఉదయం కావలి దాకా జాతీయ రహదారి మీద హాయిగా పోయే కారే మధ్యాహ్నానికి విడవలూరు వైపు చెరువు కట్ట ఎక్కాలి. వానాకాలంలో ఆ కట్టల మీద ట్రాక్టర్లు గాడులు చేస్తాయి, నడుమ మట్టి గట్టులా లేచి ఎండిపోతుంది. ఇప్పుడే ఒక్కోసారి అడుగున గీరుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది.

అందుకే టేపు పట్టుకుని లెక్క చూశాను. మాది 2018లో వచ్చిన తరం స్విఫ్ట్, నేల నుంచి దాని అడుగు ఎత్తు 163 మిల్లీమీటర్లు. పెంచలకోన వెళ్లే రోజు ఐదుగురం ఎక్కి డిక్కీ నింపాక వెనుకభాగం దాదాపు 40 దిగింది. కొత్త స్ప్రింగులు గట్టివి కాబట్టి 30 మాత్రమే దిగుతుందనుకుందాం. ముందే దించిన 30 కూడా తీసేస్తే వెనుక మిగిలేది 103. రోడ్ల కొలతలు నిర్దేశించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పుంటే పరవాలేదు, 2,450 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న ముందు వెనుక చక్రాలు కాసేపు రెండూ దాని మీదే ఉంటాయి. మన ఊళ్లలో ఎవరికి వారు పోసుకున్న సిమెంటు దిమ్మెలకు ఆ కొలతలెక్కడివి? ముందు చక్రం దిగేసరికి కారు కడుపు దాని మీద ఉంటుంది.

చక్రాల సంగతి కూడా ఉంది. కొత్త రిమ్ము అంగుళం వెడల్పెక్కువ, ఆఫ్‌సెట్, అంటే రిమ్ము నడిమి నుంచి దాన్ని బిగించే చోటికి ఉన్న దూరం, 7 మిల్లీమీటర్లు తక్కువ. రెండూ కలిసి చక్రం బయటి అంచును దాదాపు 20 మిల్లీమీటర్లు బయటికి నెట్టాయి. ఇప్పుడున్న ఎత్తులో ఎక్కడా తగలడం లేదు. దించితే, మనుషులు నిండిన రోజు గుంతలో పడగానే చక్రం పైనుండే ఫెండర్ రేకు అంచు టైరును కోస్తుంది. చట్టం సరేసరి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధంగా బండిలో మార్పులు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష కూడా ఉండవచ్చు.

"అయితే కంపెనీ షాకబ్జర్లు ఉంచి స్ప్రింగులొక్కటే మార్చు, ఖర్చు తగ్గుతుంది" అన్నాడు వాడు. అది ఇంకా అన్యాయం. కారు దిగినంత మేర షాకబ్జర్ కుదించుకునే దూరం తగ్గి, మాటిమాటికీ చివర అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మెకు (బంప్ స్టాప్) కొట్టుకుంటుంది. గట్టి స్ప్రింగును అదుపు చేయలేక అది త్వరగా లీకవుతుంది కూడా.

వాడు చెన్నైలో కారు కొన్న రోజున స్ప్రింగులకు డబ్బు నేనే ఇస్తానన్నాను. షాకబ్జర్లూ అలైన్‌మెంటూ వాడి ఖర్చు.