కార్డు లేకుండా నీళ్ళ కింద ఎంత లోతుకి వెళ్ళొచ్చు?

అండమాన్ ప్యాకేజీ ఏది తీసుకున్నా అందులో స్కూబా డైవింగ్ ఒకటి తగిలించే ఉంటుంది. ఈత రాకపోయినా పర్లేదు, ట్రైనింగ్ అక్కర్లేదు, డైవింగ్ కోర్సు చేసినట్టు చూపించే కార్డూ అక్కర్లేదు, ఫొటోలూ వీడియో ఫ్రీ. విశాఖలో టికెట్లు బుక్ చేస్తున్నప్పుడు ఈ ముక్క మా అమ్మ చెవిన పడింది. "ట్రైనింగ్ లేకుండా సముద్రంలోకి దింపేయడమేంటే? మధ్యలో ఆక్సిజన్ అయిపోతే?" అని పట్టుకుంది. పోర్ట్ బ్లెయిర్‌లో మేమెక్కిన ఆటో అతను మన తెలుగువాడే. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాడట. అతనేమో "అందరూ చేస్తున్నారు కదమ్మా, ఏం కాదు" అని తేల్చేశాడు. హావ్‌లాక్ వెళ్ళి, దిగి, పైకొచ్చాక నాకు ఇద్దరి మాటా పూర్తిగా మింగుడు పడలేదు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో సుమారు రెండు గంటల ప్రయాణం. 2018 నుంచి హావ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు ఇక్కడ భూములిచ్చారు. అందుకే ఊళ్ళ పేర్లు గోవింద్ నగర్, శ్యామ్ నగర్, రాధానగర్. భోజనంలో ఆవ నూనె వాసన. మేం ముగ్గురం: నేను, మావారు, మా తమ్ముడు.

ప్యాకేజీ వాళ్ళు కుదిర్చిన షాపు పేరు ఎందుకులెండి. కౌంటర్ దగ్గర కుర్రాడు మా ముందు ఒక ఫారం పెట్టి, "అన్నిటికీ నో అని టిక్ పెట్టి సంతకం చేయండి, పడవ రెడీగా ఉంది" అన్నాడు. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఆస్తమా. ఆ మాట చెబితే, "చెప్పకండి మరి, చెబితే దింపడానికి కుదరదు" అన్నాడు, మనకేదో మేలు చేస్తున్నట్టు. డబ్బు వెనక్కి అడిగితే రాదన్నారు. వదులుకుని బయటికొచ్చేశాం.

గోవింద్ నగర్ రోడ్డు మీద డైవ్ షాపులకు కొదవేం లేదు. ఇంకో చోట అదే ఫారం మళ్ళీ ఇచ్చి, ఈసారి కూర్చోబెట్టి ఒక్కో లైనూ అడిగారు. గుండె జబ్బు, ఫిట్స్, బీపీ, చెవి ఆపరేషన్, సైనస్, ఆస్తమా, గర్భం, ఈమధ్య ఏదైనా సర్జరీ. మా వాడు నా మోచెయ్యి పొడిచి, "అక్కా, ఇన్‌హేలర్ ముట్టుకుని ఎన్నాళ్ళయిందో! నో పెట్టెయ్" అని గొణిగాడు. నేను ఎస్ పెట్టించాను. డాక్టర్ ఉత్తరం లేకపోతే దింపేది లేదన్నారు. వాడి మొహం మాడిపోయింది. ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ (నీళ్ళ పైనే తేలుతూ గొట్టంతో ఊపిరి తీయడం) చేసుకొమ్మని పంపారు గానీ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడితే ఒట్టు.

ఆస్తమా ఉంటే ఎందుకు దింపరో మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు. అతను మాయాబందర్ దగ్గరి వేబి ఊరివాడు, కరెన్ తెగ. కరెన్లు 1925లో బర్మా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. హావ్‌లాక్ డైవ్ షాపుల్లో, పడవల మీద వాళ్ళు చాలామందే కనిపిస్తారు. అతని హిందీ నా హిందీ కంటే నయం. అతను చెప్పినదాని సారం ఇది. నీళ్ళలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలవుతుంది. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతల చోటు అడుగుతుంది. అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చిప్స్ ప్యాకెట్ ఉబ్బిపోవడం చూసే ఉంటారు. మామూలుగా ఊపిరి వదులుతూ పైకొస్తే ఆ గాలి దారిన అది పోతుంది. భయంతో ఊపిరి బిగపట్టి పైకి దూసుకొస్తే మాత్రం ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. దానికి పెద్ద లోతేం అక్కర్లేదు, ఒకటిన్నర మీటరు నుంచి వచ్చినా చాలు. ఆస్తమా మనిషికి శ్వాసనాళాలు బిగుసుకుంటే అతను బిగపట్టకపోయినా గాలి లోపలే ఇరుక్కుంటుంది. మొదటి షాపు కుర్రాడు "నో పెట్టండి" అన్నది దీనికన్నమాట.

మా అమ్మ టెన్షన్‌కి కూడా అక్కడే జవాబు దొరికింది. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే, బాగా నొక్కి నింపుతారు. స్వచ్ఛమైన ఆక్సిజన్ అయితే కాస్త లోతుకు వెళ్ళేసరికి అదే విషమై ఫిట్స్ వస్తాయి. సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) గాలితో దిగి, మీటర్ ముల్లు 50కి వచ్చేలోపు బయట ఉండాలన్నది లెక్క. మా డైవ్ అరగంటే కాబట్టి అంతకంటే చాలా ముందే తేలాం.

ముందు నడుముల్లోతు నీళ్ళలో నిలబెట్టి నేర్పించారు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ని నోట్లోంచి తీసేసి మళ్ళీ పెట్టుకోవడం. మాస్క్‌లోకి నీళ్ళొస్తే పైఅంచు నొక్కిపట్టి ముక్కుతో గట్టిగా ఊదడం. చెవులు నొప్పి పెట్టక ముందే ముక్కు మూసి మెల్లగా ఊది ఈక్వలైజ్ చేయడం, అంటే చెవి లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేయడం. వీటన్నిటికంటే ముందు, ఏం జరిగినా ఊపిరి ఆపకుండా పీలుస్తూ వదులుతూ ఉండడం. మావారికి మీసమే శత్రువైంది. మాస్క్ రబ్బరు మీసం మీద అతుక్కోక సందుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్ జేబులోంచి వాజిలిన్ డబ్బా తీసి మీసానికి దట్టంగా పట్టించాడు. అది చూసి నవ్వాపుకోలేక నేను ఉప్పునీళ్ళు మింగాను. సైగల దగ్గర కూడా ఆయనే దొరికిపోయారు. బొటనవేలు పైకెత్తితే నీళ్ళ కింద 'బాగుంది' అని కాదు, 'పైకి తీసుకెళ్ళు' అని. వాట్సాప్‌లో ప్రతి మెసేజ్‌కీ బొటనవేలు పెట్టే మనిషి ఆయన. 'బాగుంది' అనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టడం అలవాటయ్యేదాకా వదల్లేదు.

ఆ తర్వాత నీమో రీఫ్. ఒడ్డు నుంచి నడుచుకుంటూ వెళ్ళి దిగే చోటది. ఒక్కొక్కరికి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్. మన వెనకే ఉండి సిలిండర్ మెడ పట్టుకునే ఉంటాడు. తేలడానికీ మునగడానికీ మనం వేసుకునే జాకెట్‌లోకి గాలి ఎక్కించడం, తీయడం, లోతు చూసుకోవడం, ఎంత మెల్లగా పైకి రావాలో చూడడం అన్నీ అతని పనే. మన పని ఊపిరి తీయడం, చెవులు చూసుకోవడం, సైగ చేయడం. మావారికి మూడు మీటర్ల దగ్గర ఎడమ చెవి పొడిచింది. వెంటనే చెయ్యి అటూ ఇటూ ఊపి చెవి చూపించారట. ఇన్‌స్ట్రక్టర్ ఆయన్ని ఒక మీటరు పైకి తెచ్చి, చెవి తెరుచుకున్నాక మళ్ళీ అంగుళం అంగుళం దింపాడు. నొప్పిని ఓర్చుకుని దిగితే కర్ణభేరి చిల్లు పడుతుంది. జలుబుతో ఉన్నవాళ్ళని దింపకపోవడం కూడా ఇందుకే.

నేను ఎనిమిది మీటర్ల దాకా వెళ్ళాను. గోళ్ళకున్న ఎర్రరంగు అక్కడ మట్టిరంగులో కనిపించింది. నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయి. సముద్రపు ఎనిమోన్ (పువ్వులా కనిపించే జీవి) తీగల మధ్య నారింజ, తెలుపు చారల క్లౌన్ ఫిష్ రెండు. చెయ్యి దగ్గరికి పోతే పారిపోకుండా మీదికొచ్చాయి, ఇల్లు కాపలా కాస్తున్నాయి మరి. పగడాలు కొన్నిచోట్ల వట్టి బూడిదరంగు దిబ్బలు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారిపోయాయి, ఆ దెబ్బ ఇంకా కొన్నిచోట్ల కళ్ళకు కడుతుంది. ఒక్కసారి మాత్రం నాకు గుండె దడ మొదలైంది, కారణమేం లేదు, తలెత్తి పైకి చూశానంతే. ఊపిరి పొట్టిపొట్టిగా అయింది. ఇన్‌స్ట్రక్టర్ నా ముందుకొచ్చి, కళ్ళలోకి చూస్తూ అరచెయ్యి మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు. దానితో పాటే ఊపిరి తీశాను, సర్దుకుంది. అప్పుడు అతను నలుగురిని చూసుకుంటూ పది అడుగుల దూరంలో ఉండుంటే నేనేం చేసేదాన్నో నాకైతే నమ్మకం లేదు.

సరిగ్గా అలాంటి బేరమే సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎదురైంది. ఒకతను మాట కలిపి, రేపు పడవలో అసలైన డైవ్‌కి తీసుకెళ్తానన్నాడు. పద్దెనిమిది మీటర్లు, పెద్ద చేపలు, నలుగురికి ఒక గైడ్. "కార్డు అడగను సార్, ఇవాళ చేశారు కదా, వచ్చేసినట్టే" అని మావారిని ఉబ్బేశాడు. మీసానికి వాజిలిన్ ఇంకా పూర్తిగా వదలని ఈ మనిషి సరే అనేలా ఉన్నారు. షాపు గోడ మీద మ్యాపులో డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ అని లోతైన డైవ్ చోట్ల పేర్లు చూసిన దగ్గర్నుంచీ ఆయనకి అదే ధ్యాస.

నేను అడ్డం పడ్డాను. మొదటిసారి దిగేవాళ్ళకి డైవింగ్ కోర్సులు, కార్డులు చూసే ప్యాడీ సంస్థ పెట్టిన హద్దు 12 మీటర్లు, అదీ ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా. ఓపెన్ వాటర్ కోర్సు చేసి కార్డు తీసుకున్నవాడికే 18 దగ్గర గీత గీశారు. ఆ కోర్సుకి మూడు నాలుగు రోజులు పడుతుంది. 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి, గాలి అయిపోతే పక్కవాడి రెండో రెగ్యులేటర్‌తో పీలుస్తూ పైకి రావడం సాధన చేయాలి. ఆయనకి ఈతే అంతంతమాత్రం. పొద్దున మేం చేసింది ఇన్‌స్ట్రక్టర్ దగ్గర అరువు తెచ్చుకున్న ట్రైనింగ్‌తో, అతను చెయ్యి వదిలేస్తే అదీ లేదు. కార్డు ఉన్నవాళ్ళంతా భద్రమని కాదు, ఎప్పుడో కోర్సు చేసి ఏళ్ళ తరబడి నీళ్ళు ముట్టనివాళ్ళని కూడా మంచి షాపులు ముందు లోతు లేని చోట పరీక్షించే తీసుకెళ్తాయి. "ఈత నేర్చుకుని వచ్చే సీజన్‌కి కోర్సు చేద్దురుగాని" అంటే అప్పటికి దిగొచ్చారు.

తిరుగు ఫెర్రీలో పక్క సీటు జంట పొద్దున్నే డైవ్ చేసి, అటు నుంచి అటే మధ్యాహ్నం ఫ్లైట్ అని చెప్పేసరికి ఉలిక్కిపడ్డాం. నీళ్ళ కింద ఒంట్లోకి చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, అది పోకముందే ఒత్తిడి తక్కువుండే ఎత్తుకి వెళ్తే ఒంట్లోనే బుడగలు కట్టొచ్చు. ఒక డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువ చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదని మాకు చెప్పి పంపారు, వాళ్ళకెవరూ చెప్పినట్టు లేరు. మావారు వాళ్ళకి అంతా వివరించి, టికెట్ మార్చుకోమని నచ్చజెప్పి, ఫోన్ తీసి ఎయిర్‌లైన్ నంబర్ కూడా వెతికిపెట్టారు. మా ఫ్లైట్ ఎలాగూ మర్నాడే.

అప్పటిదాకా ముభావంగా కిటికీలోంచి చూస్తున్న మా తమ్ముడు ఇటు తిరిగి, "బావా, ఈ పడవ మొత్తంలో ఇప్పుడే ఫ్లైట్ ఎక్కగలిగేది నేనొక్కడినే అనుకుంటా" అన్నాడు.