బోయ్ చెప్పాకే హాటరస్‌కు

ఆఫ్రికా తీరం దాటిన అల్పపీడనానికి అమెరికా తుపాను హెచ్చరికల కేంద్రం నేషనల్ హరికేన్ సెంటర్ తన మ్యాప్‌లో పసుపు రంగు వేసిన రోజే నార్త్ కరోలినాలోని కేరీలో ఉండే మన సర్ఫింగ్ మిత్రులు ఆ రాష్ట్ర తీరంలోని హాటరస్ దీవిలో గదులు వెతకడం మొదలుపెడతారు. అంత తొందర అక్కర్లేదు. పసుపంటే వారంలో వాయుగుండమో తుపానో అయ్యే అవకాశం 40 శాతంలోపే. 40 నుంచి 60 దాకా నారింజ, ఆపైన ఎరుపు. ఈ అంచనా తెల్లవారుజామున 2కి, ఉదయం 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి వస్తుంది. ఇక పది రోజుల తర్వాత అమెరికా వాతావరణ కంప్యూటర్ మోడల్ జీఎఫ్ఎస్ పుట్టించే తుపాన్లంటారా, వాటిని అసలు చూడకపోవడమే మేలు.

మేం మాత్రం ఎరుపు పడి, తుపానుకు పేరు పెట్టాకే అడ్వైజరీలు, అంటే ఆ కేంద్రం తుపాను బులెటిన్లు, తెరిచాం. పగలూ రాత్రీ 5కి, 11కి వస్తాయవి. టీవీలో చూపించే తెల్లటి కోన్ సర్ఫర్‌కు దాదాపు పనికిరాదు. తుపాను కేంద్రం ఎటు పోవచ్చో చెబుతుందే గానీ గాలి ఎంతమేర ఉందో చెప్పదు. ఎవరూ చదవని ఫోర్‌కాస్ట్ అడ్వైజరీలో ‘12 అడుగుల సముద్రం’ వరుస వెతకండి. ఒక్కో మూలన అంత ఎత్తు కెరటాలు ఎన్ని నాటికల్ మైళ్ల దాకా ఉన్నాయో అందులో ఉంటుంది. వాయవ్యంగా కదిలే తుపానుకు ఈశాన్య మూల అంకె పెద్దగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. ఆ కుడిపక్క గాలి కెరటాలు పోయే దిక్కుకే వీస్తుంది, తుపానూ వాటి వెంటే వస్తుంది కాబట్టి కెరటాలను గాలి నెట్టడం ఎక్కువసేపు ఉంటుంది. ఈశాన్యానికి మలుపు తిరిగాక ఆ బలం మనవైపు రాదు.

ఆ తర్వాత చూడాల్సినవి బోయ్‌లు, అంటే సముద్రంలో తేలుతూ కెరటాలను కొలిచే పరికరాలు. నంబర్లతో గుర్తించే వాటిలో మనకు కావలసినవి: బహమాస్‌కు ఈశాన్యాన 41047, బెర్ముడాకు పడమట 41048, హాటరస్ ముంగిట డైమండ్ షోల్స్ అనే నీటి అడుగు ఇసుక దిబ్బల దగ్గర 41025. మొత్తం ఎత్తు చూసి మోసపోవద్దు, అక్కడికక్కడ గాలి లేపిన కెరటాలూ అందులో కలిసే ఉంటాయి. వివరాల పట్టికలో స్వెల్, అంటే దూరపు తుపాను నుంచి ప్రయాణించి వచ్చే కెరటాలు, విడిగా ఉంటుంది. దాని పీరియడ్, అంటే ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య సెకన్లు, చూడాలి. లోతు నీటిలో స్వెల్ ప్రయాణ వేగం, నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లు), పీరియడ్‌కు ఒకటిన్నర రెట్లు. 14 సెకన్లకు 21 నాట్లు. 41047 నుంచి హాటరస్‌కు సుమారు 500 నాటికల్ మైళ్లు, అంటే ఒక రోజు. ఆ బోయ్ దగ్గర 14 సెకన్ల ఆగ్నేయ స్వెల్ కొన్ని గంటలు వరసగా నిలబడ్డాకే కారుపై బోర్డులు కట్టాం. ముందొచ్చే స్వెల్ ఎత్తు రెండడుగులే ఉన్నా పెదవి విరవకూడదు.

కేరీ నుంచి హాటరస్ దీవిలోని బక్స్‌టన్‌కు దాదాపు 5 గంటలు. యూఎస్ 64 హైవే మీద నాగ్స్ హెడ్, అక్కణ్నుంచి ఎన్‌సీ 12. రోడాంతే దగ్గర ముంపు భాగాన్ని 2022లో తెరిచిన జగ్ హ్యాండిల్ వంతెన తప్పించింది గానీ, మిగతాచోట్ల పోటు వేళ నీరు ఇసుకతో సహా రోడ్డెక్కుతుంది. 2025 ఆగస్టులో ఎరిన్ తీరం తాకకుండా పోతూనే ఈ దారి మూయించింది. అందుకే మేం ఆటు చూసుకుని, రాష్ట్ర రోడ్ల సమాచార వెబ్‌సైట్ డ్రైవ్‌ఎన్‌సీలో రోడ్డు తెరిచే ఉందని నిర్ధారించుకుని ఆ ఇసుకపట్టీ దాటాం.

అసలు లెక్క గాలిది. ఉత్తరాన అధిక పీడనం, దక్షిణాన తుపాను ఉన్నన్నాళ్లూ ఈశాన్య గాలి కొడుతుంది. తూర్పుముఖంగా ఉన్న ఏవన్, బక్స్‌టన్ బీచ్‌లు అప్పుడు నురగే. కేప్ పాయింట్ మలుపు అవతలి ఫ్రిస్కో దక్షిణానికి తిరిగి ఉంటుంది కనుక ఉత్తరపు గాలి అక్కడ నేల మీదుగా వచ్చి అలను నిలబెడుతుంది. అయితే స్వెల్‌లో దక్షిణపు పాలు ఉండాలి, వట్టి తూర్పు స్వెల్ అక్కడికి సరిగా తిరగదు. బక్స్‌టన్‌కు దీనికి తిరగేసి: మరీ దక్షిణపు స్వెల్‌ను డైమండ్ షోల్స్ మింగేస్తాయి. తుపాను ఈశాన్యంగా దాటిపోయి గాలి పడమటి నుంచి వీచే పూటే బక్స్‌టన్‌కు మంచి పూట.

ఆ పూట కూడా నీటి అడుగున ఇసుక మెట్టలు తిన్నగా ఉన్నచోట 14 సెకన్ల అల పొడవునా ఒక్కసారే గోడలా కూలుతుంది. మెట్ట తెగిన చోటు వెతకాలి, లేదా పీరియడ్ 10, 11కి దిగేదాకా ఆగాలి. మేం ఆగాం. తీరం వెంబడి ప్రవాహం బలంగా ఉంటే ఎగువకు నడిచి దిగడం నయం, తెడ్డేస్తూ పోరాడితే భుజాలే పోతాయి. సముద్రంలోకి లాగే రిప్ కరెంటులో చిక్కితే బోర్డు వదలకుండా పక్కకు తప్పుకోవాలి. రోడాంతేలో 2020 నుంచి సముద్రంలోకి కూలిన ఇళ్ల చెక్కలు, మేకులు ఇసుకలో కలిసి ఉంటాయి. అక్కడ చెప్పులు లేకుండా నడవొద్దు.