రొయ్యల ప్లాంటులో దెబ్బ తగిలితే: క్లినిక్ నుంచి క్లెయిమ్ దాకా నా అనుభవం

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల ప్లాంట్లలో హాజరు లెక్కలుండే టైమాఫీసు చూసేవాళ్లకి ఎవరికైనా దెబ్బ తగిలిందంటే రెండు పనులు. ఒకటి మనిషిని డాక్టరు దగ్గరికి చేర్చడం, రెండోది కాగితాలు నడపడం. మొదటిది అందరూ బాగానే చేస్తారు. రెండోది 'సోమవారం చూద్దాంలే' అవుతుంది. నేను పెట్టిన క్లెయిముల్లో మొండికేసినవి ఎక్కువగా క్లినిక్ చీటీ మీద మొదటి గంటలో పడ్డ ఒక్క వాక్యం దగ్గరే ఆగాయి.

ముందు, ఏ దెబ్బకి ఎక్కడికి వెళ్లాలి. గాయం కడగడం, కుట్లు వేయడం, వేలికి ఎక్స్‌రే తీయడం, చిన్నగా కాలితే కట్టు కట్టడం లాంటివి ఊళ్లో రాత్రిపూట కూడా తెరిచి ఉండే నర్సింగ్ హోము చేసేస్తుంది. రొయ్యలు ఒలిచే పీలింగ్ హాల్లో, సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ బల్లల దగ్గర తగిలేవి చాలావరకు ఇవే. వేలు తెగి ఊడిపోయినా, చెయ్యి బెల్టులోనో ఎలివేటర్లోనో నలిగినా, కంట్లో అమ్మోనియా పడినా, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటరు దగ్గర కరెంటు కొట్టి స్పృహ తప్పినా చిన్న క్లినిక్కు చేయగలిగింది తక్కువ. రక్తం ఆపి, కట్టు కట్టి, రాసి పంపడమే. 'కాస్త చూద్దాం' అని అక్కడ గంటలు గంటలు ఉంచడమే పెద్ద నష్టం. వేలు అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఏ ఆసుపత్రిలో ఉన్నారో ముందే కనుక్కుని, ఆ నంబరు 108 పక్కన గోడ మీద రాసి పెట్టుకోవాలి.

ఊడిన వేలి విషయంలో మా ప్లాంట్లకి ఉన్న ముప్పు ఐసే. చేతికందేంత దూరంలో తట్టల కొద్దీ ఐసు ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు వేలిని నేరుగా అందులో పడేస్తారు. ఐసు తగిలిన కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది, ఇక అది అతకదు. శుభ్రమైన గుడ్డని తడిపి, పిండి, వేలిని అందులో చుట్టాలి. దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టాలి. ఆ కవరుని ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. వేలికి నీళ్లు తగలకూడదు, ఐసు అసలే తగలకూడదు.

అమ్మోనియాది ఇంకో రకం తప్పు. చల్లదనం కోసం అమ్మోనియా వాడే కంప్రెసరు రూములో కంట్లో పడగానే బండెక్కించి పరిగెత్తిస్తారు. అది క్షారం. కంటి లోపలికి దిగుతూనే ఉంటుంది కాబట్టి అక్కడికక్కడే కుళాయి కింద రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం ఇరవై నిమిషాలు నీళ్లు పోయాలి. ఆ తర్వాతే బండి. విరుగుడని నిమ్మరసం పిండే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లని దూరంగా ఉంచండి. ఆవిరితో కాలినా ఇరవై నిమిషాలు మామూలు నీళ్లే, టూత్‌పేస్టు కాదు.

రొయ్య కొమ్ము గుచ్చుకోవడాన్ని ఎవరూ దెబ్బగా లెక్కపెట్టరు. రెండో రోజుకి వేలు అరటిపండులా ఉబ్బితే అప్పుడు వస్తారు. డాక్టరుతో 'ముల్లు గుచ్చుకుంది' అని ఊరుకోకుండా 'ఉప్పునీటి చెరువు రొయ్య కొమ్ము' అని చెప్పాలి. ఆ నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు వేరు, వాటికి రాసే మందు కూడా వేరు కావచ్చు. షుగరు ఉన్నవాళ్లకీ, తాగుడుతో కాలేయం చెడినవాళ్లకీ ఇది ప్రాణం మీదికి రాగలదు. ఎరుపు ఎంతవరకు పాకిందో బాల్ పెన్నుతో చుట్టూ గీత గీసి, పక్కన టైము రాయండి. నాలుగైదు గంటల్లో గీత దాటితే క్లినిక్ కాదు, పెద్దాసుపత్రి. లోపల విరిగిన పెంకు ముక్క ఎక్స్‌రేలో మామూలుగా కనపడదు. 'ఎక్స్‌రే బాగానే ఉందిగా' అన్నమాటతో వెనక్కి రాకండి.

కత్తి తెగుడికి కుట్లు వేసే ముందు మంచి డాక్టరు ఏం చేస్తారో గమనించాలి. మత్తు సూది ఇవ్వకముందే "పిన్నీ, ఈ కణుపు ఒక్కటే మడువు... ఇప్పుడు చాపు" అని ఒక్కో కణుపూ విడివిడిగా అడుగుతారు. వేలి కొనకి కుడివైపూ ఎడమవైపూ తాకి, రెండు పక్కలా ఒకేలా తెలుస్తోందా అని కనుక్కుంటారు. కొన కణుపు మడవలేకపోతే జనం నరమనే కండర తాడు తెగినట్టు, స్పర్శలో తేడా ఉంటే అసలు నరం తెగినట్టు. అది క్లినిక్‌లో కుట్టేది కాదు. మత్తు ఇచ్చాక స్పర్శ చూసే వీలుండదు, పైన చర్మం కుట్టేస్తే నెల తర్వాత వేలు వంగని సంగతి బయటపడుతుంది. ఈ పరీక్ష చేయకుండా సూది పట్టుకుంటే మీరే అడగండి, తప్పేం కాదు. కుట్లు చేతికైతే 7 నుంచి 10 రోజులు, కీలు మీదైతే 10 నుంచి 14 రోజులు ఉంచుతారు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో పని వాళ్ల కార్డు మీద ఉండాలి. మురికి గాయమై ఆఖరి డోసు పడి అయిదేళ్లు దాటితే మళ్లీ వేయాలి. శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్లు లెక్క.

ఇక చీటీ. దాని మీద ఉండాల్సిన వాక్యం ఇలా ఉంటుంది: 'ఫలానా తేదీ, ఉదయం 10:20కి, ప్లాంటులో పీలింగ్ చేస్తుండగా కత్తి తగిలి ఎడమ చూపుడు వేలికి గాయం.' తేదీ, టైము, చోటు, చేస్తున్న పని, ఏ చెయ్యి, ఏ వేలు, కింద డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టిస్తే ఆ నంబరే ఉండదు, కాబట్టి ఆ కాగితం ఎక్కడా చెల్లదు. పోలీసు కేసు గొడవ ఎందుకని 'ఇంట్లో జారిపడింది' అని రాసే క్లినిక్కులున్నాయి, అలా రాయించమని చెవిలో చెప్పే మేనేజర్లూ ఉన్నారు. మెషీను ప్రమాదాన్ని మెడికో లీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకి తెలిపే కేసుగా) రాయడం మామూలు సంగతే, అందులో ఎవరి కొంపా మునగదు. 'ఇంట్లో' అన్న ఒక్క మాట మాత్రం ఆ మనిషికి రావలసిన డబ్బుని ముంచుతుంది. ఆ తర్వాత దిద్దించిన చీటీని ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) బ్రాంచి ఆఫీసులో రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని చూస్తారు.

నెల జీతం 21,000 మించకుండా, పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోటైతే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. అదే రోజు ఫారం 11 ప్రమాదాల పుస్తకంలో సాక్షుల పేర్లతో ఎక్కించాలి. 24 గంటల్లోపు ఈఎస్‌ఐ వెబ్‌సైటులో యజమాని లాగిన్ నుంచి ఫారం 12, అంటే ప్రమాద నివేదిక, పంపాలి, ప్రాణాపాయమైనా అంగం పోయినా వెంటనే. ఇక్కడ పట్టుబడేవి మూడు: పుస్తకంలో ఒక టైము, చీటీలో ఇంకో టైము ఉండటం, ఆ రోజు హాజరు పట్టీలో మనిషి పేరు లేకపోవడం, ఇన్స్యూరెన్స్ నంబరు ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నం తీయడం. కాంట్రాక్టరు ద్వారా వచ్చే పీలింగ్ ఆడవాళ్ల విషయంలో మూడోది మరీ ఎక్కువ. ఇవాళ ఒక ప్లాంటు, రేపు ఇంకోటి, ఎవరూ నంబరు తీయరు.

మర్నాడు క్లినిక్ చీటీ పట్టుకుని ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లి పని చేయలేని స్థితిలో ఉన్నట్టు మొదటి సర్టిఫికెట్ తీసుకోవాలి. సెలవు డబ్బుకి అదే ఆధారం. ప్రైవేటు డాక్టరు రాసిన సెలవు చీటీ ఒక్కటే పెడితే దాన్ని విడిగా పరిశీలనకి పంపుతారు, వారాలు పడుతుంది. నర్సింగ్ హోము బిల్లు తిరిగి రావాలంటే అసలు బిల్లులు, మందుల చీటీలు, 'అత్యవసరం' అని డాక్టరు రాసిచ్చిన కాగితం కావాలి. వచ్చినా సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం) రేట్ల మేరకే, కట్టినదంతా కాదు.

డబ్బు లెక్క: ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పని చేయలేకపోతే సగటు దినసరి జీతంలో 90 శాతం, కోలుకునే దాకా. రోజుకి 500 అయితే 450, ఇరవై రోజులకి 9,000. జబ్బు సెలవులా ఇన్ని రోజుల చందా కట్టి ఉండాలన్న షరతు దీనికి లేదు. నిన్న చేరిన మనిషికీ వస్తుంది.

వేలి కొన పోయినప్పుడు ఎక్స్‌రే ఫిల్ము దాచండి. చూపుడు వేలి కొన ఎముక పోకుండా తెగితే చట్టం పట్టికలో సంపాదించే శక్తి నష్టం 5 శాతం, ఒక కణుపు పోతే 9, మొత్తం వేలు పోతే 14. 'వేలి కొన తెగింది' అని మాత్రమే రాసి ఎముక సంగతి వదిలేస్తే, మెడికల్ బోర్డు ముందు 5 శాతం మనిషా 9 శాతం మనిషా అన్నది ఎక్స్‌రే తప్ప ఇంకేదీ తేల్చదు. ఆ తేడా జీవితాంతం వచ్చే డబ్బు మీద పడుతుంది.

ఈఎస్‌ఐ లేని ముఠా హమాలీలకి, చెరువుల మీద పనివాళ్లకి, కొబ్బరి దింపేవాళ్లకి దారి వేరు. 1923 నాటి నష్టపరిహారం చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం రెండూ ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసినా జనం నోట్లో పాత పేర్లే, పాత ఫారం నంబర్లే. తాత్కాలికంగా పని చేయలేకపోతే నెల జీతంలో పావు వంతు పదిహేను రోజులకోసారి యజమానే ఇవ్వాలి, వైద్యానికి అయిన అసలు ఖర్చు కూడా ఆయనదే. 28 రోజులు, ఆపైన సాగితే మొదటి రోజు నుంచీ లెక్క. 'వెయ్యి రూపాయలు తీసుకుని ఊరుకో' అన్న మాటకి తలూపేముందు క్లినిక్ బిల్లులన్నీ ఒక కవరులో పెట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాలి. గడువు రెండేళ్లు.

చివరగా, మళ్లీ పనిలో చేరొచ్చని ఇచ్చే ఫైనల్ సర్టిఫికెట్. కుట్లు విప్పకుండా క్లోరిన్ నీళ్లలో చెయ్యి పెడితే గాయం తెరుచుకుంటుంది, అది అందరికీ తెలిసిందే. తెలియనిది హాజరు పట్టీ సంగతి. సెలవులో ఉన్న మనిషిని 'ఊరికే వచ్చి కూర్చో, కౌంట్ చూస్తూ ఉండు' అని పిలిచి ఒక్క రోజు హాజరు వేసినా, ఆ రోజు డబ్బు పోవడంతో పాటు మిగతా రోజుల మీద కూడా అనుమానం పడుతుంది. సర్టిఫికెట్‌లో ఏ తేదీన చేరమన్నారో ఆ తేదీనే పట్టీలో పేరు ఎక్కాలి.