చప్పట్లు లేని నాట్యం

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పని ముగిశాక ఒక శనివారం ఖాళీగా దొరికితే, అందరూ చూడమన్న ఆమ్‌స్టర్‌డామ్ కాలువల వైపు కాక, తూర్పున రైన్ ఒడ్డునున్న ఆర్న్‌హెమ్‌కు రైలెక్కాను. చిన్నతనంలో ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకొని, మోకాలి దెబ్బతో మానుకున్నదాన్ని. సినిమా తారగా లోకమంతా ఎరిగిన ఆడ్రీ హెప్‌బర్న్ బాలే నర్తకి కావాలని కలలు కన్న ఊరు చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

1929లో బ్రస్సెల్స్‌లో పుట్టిన ఆడ్రీని, నెదర్లాండ్స్ యుద్ధానికి దూరంగా ఉంటుందన్న నమ్మకంతో తల్లి 1939 చివర్లో ఇంగ్లండ్ నుంచి ఇక్కడికి తీసుకొచ్చింది. ఆర్నెల్లు తిరగకుండానే జర్మన్ సేనలు దిగాయి. ఈ ఊళ్ళోనే వింజా మరోవా దగ్గర ఆ పిల్ల బాలే నేర్చుకుంది, నగర రంగశాలలో ఆడింది. 1944 సెప్టెంబరులో ఘోర యుద్ధం జరిగిన వంతెన చోట తిరిగి కట్టిన వంతెన మీద కాసేపు నిలబడి, ఒకటో నంబరు ట్రాలీబస్సులో పక్క ఊరైన వెల్ప్‌కు వెళ్ళాను. పైనున్న కరెంటు తీగల కింద చప్పుడు లేకుండా సాగే బస్సు అది.

1942లో, ఆమె పెద్దమ్మ భర్తను నాజీలు కాల్చి చంపిన ఏడాదిలో, ఆ కుటుంబం వెల్ప్‌లో తాతగారి పంచన చేరింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ వీధిలో నాట్యం చేస్తున్న బాలిక విగ్రహం ఉంది. దాని ఎదుట చాలాసేపు నిలబడ్డాను. యుద్ధకాలంలో ఇళ్ళల్లో కిటికీలకు నల్లని తెరలు దించి, తలుపులు బిగించి రహస్యంగా జరిపిన ప్రదర్శనల్లో ఆమె ఆడేదట. వచ్చిన డబ్బు ప్రతిఘటన దళాలకు చేరేది. బయటికి వినిపిస్తుందన్న భయంతో చూసినవాళ్ళెవరూ చప్పట్లు కొట్టేవారు కారు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం ఆడిన రోజుల్లో సభలోని చప్పట్లే నా కాళ్ళకు ఊపిరి. ఆ ఊపిరి లేకుండా, పదిహేనేళ్ళైనా నిండని పిల్ల ఎలా ఆడిందో తలచుకుంటే గుండె బరువెక్కింది.

1944-45 చలికాలపు కరువు ఆమె ఒంటిని పీల్చేసింది. యుద్ధం ముగిశాక ఆమ్‌స్టర్‌డామ్‌లో సోనియా గాస్కెల్ దగ్గర, 1948 నుంచి లండన్‌లో మేరీ రాంబెర్ దగ్గర సాధన చేసినా, ఎత్తు ఎక్కువ కావడం, ఆకలి మిగిల్చిన నీరసం కలిసి ప్రధాన నర్తకి కాలేవని రాంబెర్ తేల్చి చెప్పింది. గురువు నోట ఆ మాట వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. అక్కడి నుంచి బృంద నర్తకిగా సంగీత నాటకాల్లోకి, చిన్న వేషాలతో తెరమీదికి వచ్చింది. రోమ్ నగరంలో యువరాణిగా నటించిన చిత్రానికి 1954లో ఆస్కార్ అందుకుంది.

ఆమె చిత్రాల్లో నేను ముఖం కన్నా ముందు నడకే చూస్తాను. మెడ నిటారుగా, భుజాలు కిందికి దించి, పాదం నేలకు ఆనీ ఆననట్టు ఆమె గది దాటుతుంటే, మాటలు రాయని చోట కూడా సన్నివేశం నిలబడుతుంది. అది కెమెరా నేర్పిన నడక కాదు, కిటికీలు మూసిన ఆ గదుల్లో పట్టుబడిన నడక.

విగ్రహం దగ్గర నుంచి కదలబోతూ, నాకు తెలియకుండానే వెన్ను నిటారు చేసుకున్నాను. వీధి నిశ్శబ్దంగా ఉంది. తిరుగు ట్రాలీబస్సు మలుపు తిరిగి వస్తోంది.