గోపాల్‌పూర్ తోటకి పెద్దమ్మతో

ఆదివారం, రాత్రి పదిన్నర.

కాళ్ళు పీకేస్తున్నాయి. అయినా ఇవాళ్టిది ఇవాళే రాసుకోవాలి. రేపు స్కూలు పని మీద పడితే సగం మర్చిపోతాను.

సామర్లకోట నుంచి పెద్దమ్మ వచ్చి నాలుగు రోజులైంది. బరంపురంలో చూపించాల్సినవన్నీ రెండు రోజుల్లోనే అయిపోయాయి. బుఢీ ఠాకురాణి గుడి, పట్టు చీరల కొట్లు, మా స్కూలు గేటు. అంతే కదా మా ఊరు. నిన్న రాత్రి అన్నాల దగ్గర, "సముద్రం మా కాకినాడలోనూ ఉంది గానీ, ఏదైనా మంచి తోట చూపించవే" అంది. గోపాల్‌పూర్‌లో దొరల కాలం నాటి బంగ్లా ఒకటి ఉందని, దాని వెనక పెద్ద తోట ఉందని స్టాఫ్‌రూములో ఎప్పుడో విన్నాను. ఎవరిదో తెలీదు, పేరూ తెలీదు. సరే, చూద్దాం అనుకుని పొద్దున్నే ఆటో మాట్లాడాను.

ఆటో అబ్బాయితో ఒడియాలో బేరం ఆడుతుంటే పెద్దమ్మ నా మొహంలోకే చూస్తోంది. "నువ్వలా మాట్లాడుతుంటే ఎవరో పరాయి పిల్లలా ఉన్నావే" అంది. నేను పుట్టింది ఇక్కడే పెద్దమ్మా అన్నాను. అది ఆవిడకి తెలియంది కాదు, చెల్లెలి పెళ్ళికి తనే దగ్గరుండి సాగనంపింది. అయినా ప్రతిసారీ ఓసారి గుర్తు చేయాలి.

పదహారు కిలోమీటర్లు. వాన వెలిసింది గానీ రోడ్డు పక్కన గుంటల నిండా నీళ్ళే. తీరా వెళ్ళేసరికి బంగ్లా గేటుకి తాళం. నాకు నీరసం వచ్చేసింది. పెద్దమ్మ మాత్రం ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూస్తూ, "ఎవరండీ లోపల?" అని తెలుగులోనే కేకేసింది. విచిత్రం, లోపల్నించి తెలుగులోనే జవాబొచ్చింది. "ఏటమ్మా, ఎవరు కావాల?"

కాపలా ఉండే తాత. నోలియా బస్తీ మనిషి. ఇక్కడ చేపల వేటకి వెళ్ళే నోలియాలది తెలుగే, మన శ్రీకాకుళం యాసకి దగ్గరగా ఉంటుంది. ఓనర్లు ఊళ్ళో లేరట. "తోట సూడ్డానికా? రండి, రండి. పువ్వులు తెంపకండేం" అని పక్క గేటు తీశాడు.

తోట అని ఊహించుకున్నదానికి, ఉన్నదానికి పోలిక లేదు. దారులు గడ్డిలో కలిసిపోయాయి. చప్టా చేసిన కొలనులో నీళ్ళకంటే ఆకులే ఎక్కువ. కానీ చెట్లు! అంత లావు దేవగన్నేరు నేనెక్కడా చూడలేదు. కొమ్మలు మోచేతుల్లా మడతలు పడి నేల దాకా వాలాయి. కింద తెల్లగా రాలిన పువ్వులు. పెద్దమ్మ ఒకటి ఏరి కళ్ళకద్దుకుంది. ఇది మెక్సికో వైపు చెట్టు పెద్దమ్మా అన్నాను. ఉండబట్టలేదు, టీచర్ బుద్ధి.

"గుళ్ళో ఉండే చెట్టు పరాయిదేమిటే, నోరు కడుక్కో" అంది.

అక్కడ మొదలైంది. మేడ మీదికి పాకిన కాగితం పూల తీగ బ్రెజిల్‌ది. గోడవార తురాయి చెట్టు మడగాస్కర్‌ది. నిద్రగన్నేరు అమెరికా ఖండంది. వెనక ఇసుకలో నాలుగు జీడిమామిడి చెట్లున్నాయి. వాటినీ బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్ళే తెచ్చారు. "జీడిపప్పు కూడానా?" అని పెద్దమ్మ నిజంగానే బాధపడింది. మినప సున్నుండల్లో వేసేదాన్ని పట్టుకుని పరాయిది అంటే ఒప్పుకోవడం కష్టమే.

కాగితం పువ్వుకి బోగన్‌విల్లా అని పేరు పెట్టింది ఒక ఫ్రెంచి ఓడ కెప్టెన్ మీద. 1760ల చివర ప్రపంచం చుట్టి వస్తూ ఆ ఓడలవాళ్ళు బ్రెజిల్‌లో దాన్ని చూశారు. ఆ ప్రయాణంలో మొక్కలు సేకరించే శాస్త్రవేత్తకి సాయంగా వచ్చిన కుర్రాడు నిజానికి ఆడమనిషి, ఝాన్ బారే. ఓడల్లో ఆడవాళ్ళని రానివ్వరని మగవేషం వేసుకుంది. భూమి చుట్టూ తిరిగొచ్చిన మొదటి ఆడది ఆవిడేనంటారు. ఈ కథ మాత్రం పెద్దమ్మకి బాగా నచ్చింది. "మరి స్నానం అదీ ఎలా చేసేదే?" అని అడిగింది. మా పదో తరగతి పిల్లలు ఒక్కరైనా ఇంత మంచి ప్రశ్న అడగలేదు.

సామర్లకోట సంగతీ చెప్పాను. 1780లలో రాక్స్‌బరో అనే డాక్టరు అక్కడ ఈస్టిండియా కంపెనీ కోసం తోట పెట్టి మిరియాలు పండించే ప్రయత్నం చేశాడు. మొక్కలకి మనవాళ్ళు పిలిచే తెలుగు పేర్లు కూడా పుస్తకాల్లో రాసిపెట్టాడు. 1793లో కలకత్తా కంపెనీ తోటకి అధికారిగా వెళ్ళిపోయాడు. పెద్దమ్మ నమ్మలేదు. "మా ఊళ్ళో భీమేశ్వరుడి గుడి తప్ప ఇంకేం ఉందే?" అంతే, తేల్చేసింది.

తోట మధ్యలో పెద్ద మొదలు ఒకటి అడ్డంగా నరికి ఉంది. ఇద్దరం దాని మీదే కూర్చున్నాం. తాత చెప్పాడు, అది ఫైలిన్‌కి పడిందని. 2013 అక్టోబరు 12 రాత్రి. తుఫాను తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. ఆ రాత్రి బరంపురంలో మా ఇంటి కిటికీ రెక్క ఎగిరిపోతే అమ్మా నేనూ బీరువాని అడ్డం తోసి దాని వెనకే కూర్చున్నాం. అమ్మ తెల్లారేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇది పెద్దమ్మకి ఎప్పుడూ చెప్పలేదు, ఇవాళా చెప్పలేదు.

తాత వాళ్ళ తాత ఇదే రేవులో స్టీమరెక్కి రంగం, అదే బర్మాలోని రంగూన్, వెళ్ళాడట. "ఎల్లినాడు, మరి రాలేదు" అన్నాడు, బస్సు తప్పిపోయినంత మామూలుగా. బీచిలో ఆ పాత రేవు మొండి స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి. వచ్చేప్పుడు చూపించాను.

అసలు రోజు మాత్రం తిరుగు దారిలో ఉంది. ఆటో కాస్త లోపలి రోడ్డు పట్టగానే గాలిలో ఒక్కసారిగా వాసన. పెద్దమ్మ ఆటో కమ్మీ పట్టుకుని "మొగలి! ఆపండి, ఆపండి" అంది. ఆటో అబ్బాయికి మొగలిని ఒడియాలో "కియా" అని చెప్తే నవ్వి ఆపాడు. రోజూ వెళ్ళే దారేగా వాడికి.

పొలం గట్ల పొడుగునా మొగలి పొదలే. ఊడల మీద నిలబడి, రంపాల్లాంటి ఆకులు నాలుగు వైపులా విసిరి. ఎవరూ దీన్ని తోట అనరు. ఇసుక గాలికి అడ్డు, పశువులకి కంచె. కానీ గంజాం జిల్లాకి డబ్బు తెచ్చిపెట్టేది ఈ కంచే. దేశంలో తయారయ్యే కేవ్డా, అంటే మొగలి అత్తరులో చాలా భాగం ఇక్కడిదే. వాసన వచ్చేది మగ చెట్టు పొత్తికే. ఆడ చెట్టుకి అనాసపండు లాంటి కాయ వస్తుంది. "పోనీలే, ఒక్క చోటైనా మగాడు అలంకరించుకున్నాడు" అని పెద్దమ్మ.

కొంచెం ముందు అత్తరు తీసే బట్టీ కనిపించింది. రేకుల షెడ్డు, వరసగా మట్టి పొయ్యిల మీద డేగులు, అంటే పెద్ద రాగి పాత్రలు. తెల్లవారకముందే పొత్తులు కోసి తెచ్చేస్తారట, ఎండెక్కితే వాసన తగ్గిపోతుంది. డేగులో పువ్వులూ నీళ్ళూ పోసి, మూతకి మట్టి మెత్తి, వెదురు గొట్టంతో నీళ్ళ తొట్టిలో ఉన్న ఇంకో పాత్రకి కలుపుతారు. ఆవిరి అందులోకి దిగి చల్లబడుతుంది. అడుగున ముందే గంధం నూనె పోసి ఉంచితే వాసనంతా అది పట్టుకుంటుంది, అదే అత్తరు. నూనె లేకుండా తీసిన అసలు సారాన్ని రూహ్ అంటారు. డేగుకి వెయ్యి దాకా పువ్వులు పడతాయని అక్కడి పనివాడు చెప్పాడు. షెడ్డులో వాసన ఎంత చిక్కగా ఉందంటే, నాకు తల తిరిగింది. అత్తరు సీసాలో బాగుంటుంది గానీ, బట్టీ దగ్గర పది నిమిషాలకంటే నిలబడలేం. ఆ మనిషి పన్నెండేళ్ళుగా అక్కడే ఉన్నాడట. నీకు వాసన తెలుస్తుందా అని ఒడియాలో అడిగితే తల అడ్డంగా ఊపాడు.

పెద్దమ్మ అప్పటికే ఒక పొత్తి చేతిలోకి తీసుకుని రేకులు విప్పుతోంది. "మీ అమ్మ పెళ్ళికి పూలజడ నేనే కుట్టాను, మొగలి రేకులతో. ముళ్ళు గీరుకుని వేళ్ళన్నీ రక్తాలు. శివుడికి అబద్ధం సాక్ష్యం చెప్పిందని పూజకి పనికిరాదన్నారు గానీ, మా జడలకి పనికొచ్చింది." అని, కాసేపాగి, "ఆ జడ ఇక్కడికే తెచ్చుకుంది. పెట్లో పట్టుచీర మడతల్లో పెట్టుకుంది" అంది.

ఆ పెట్టె నాకు గుర్తుంది. పచ్చ రంగు ఇనప్పెట్టె. చిన్నప్పుడు అమ్మ అది తెరిస్తే చాలు, నేను తల లోపల పెట్టేదాన్ని. ఇల్లు మారినప్పుడు తుప్పు పట్టిందని నేనే పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

పనివాడు డబ్బులు తీసుకోకుండా రెండు పొత్తులు ఇచ్చాడు. దించుకునేటప్పుడు నా బొటనవేలికి ముల్లు గీరుకుంది, ఇప్పటికీ మండుతోంది.

పెద్దమ్మ ఎనిమిదింటికే పడుకుంది. ఒక పొత్తి ఆవిడ సంచిలో పెట్టాను, సామర్లకోట వెళ్ళేది. రెండోది ఎక్కడ పెట్టాలో తోచక, వాడిపోతుందేమోనని కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇందాక మంచినీళ్ళకని తలుపు తీస్తే గుప్పున కొట్టింది. రేపు పెరుగన్నం కూడా మొగలి వాసనే వేస్తుందేమో.