లక్షా ఇరవై వేల లిమిట్ నలభై వేలు ఎట్లయింది

పోయిన యాసంగిల, ఫిబ్రవరి చివర్ల అనుకుంట, పొద్దున షాపు షట్టర్ లేపిన్నో లేదో ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ క్రెడిట్ కార్డు లిమిట్ 40,000 రూపాయలకు తగ్గించినం అని. ముందురోజు రాత్రి దాక అది 1,20,000. ఒక సున్నా ఏమన్న తప్పు పడ్డదా అని మూడుసార్లు చదివిన.

నాకు నల్లగొండల మోటర్ వైండింగ్ షాపు ఉన్నది, పద్నాలుగేండ్ల సంది నడుపుతున్న. యాసంగి అంటే మాకు సీజన్, బోర్లల్ల నీళ్లు కిందికి పోతయి, వోల్టేజీ సక్కగ ఉండదు, మోటర్లు కాలుతనే ఉంటయి, ఒక్కొక్కరోజు ఐదారు వస్తయి. కాపర్ వైరు, బేరింగులు హోల్‌సేల్ షాపాయన ఉద్దెర ఇయ్యడు, రైతేమో వడ్లు అమ్మినంక ఇస్త అంటడు, పంట చేన్ల ఉండంగ ఆయన్ని పైసలు అడుగుడు నాకు గూడ మనసొప్పదు. ఆ నడుమ రెండు నెలలు నేను కార్డు మీదనే నెట్టుకొస్త. అందుకే ఆ మెసేజ్ చూసేసరికి కాళ్లు చేతులు ఆడలే.

కస్టమర్ కేర్‌కు ఫోన్ కొట్టిన. మేడం నేను ఇన్నేండ్లల ఒక్క బిల్లు గూడ లేటు చెయ్యలే కద ఎందుకు తగ్గించిన్రు అంటే, ఆమె మర్యాదగానే చెప్పింది, "రివ్యూలో తగ్గింది సార్, మీ బ్యూరో రిపోర్ట్ ఒకసారి చూసుకోండి" అని. అంతకు మించి ఏం చెప్పలే. బ్యూరో అంటే మనం అప్పులు, కిస్తీలు ఎట్ల కడుతున్నమో రాసిపెట్టి మనకు స్కోరు ఇచ్చే కంపెనీ. తర్వాత తెలిసింది ఏందంటే ఆర్‌బీఐ రూల్ ప్రకారం లిమిట్ పెంచాలంటే మన ఒప్పుకోలు తీసుకోవాలె, తగ్గించెతందుకు మాత్రం తెలియజేస్తే చాలు. ఆ తెలియజేసుడే నాకొచ్చిన మెసేజ్.

ఆ రాత్రి అన్నం తిన్నంక మా ఇంటామె పక్కన కూసుంటే రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసిన. ఇది చానామందికి తెల్వదు, మన దేశంల సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు బ్యూరోలు ఉన్నయి, 2017 జనవరి నుంచి ఒక్కొక్కటి ఏడాదికొక పూర్తి రిపోర్ట్ ఫ్రీగ ఇయ్యాలె. మన రిపోర్ట్ మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, అది ఉత్త భయం. లోన్ కోసమో కార్డు కోసమో నాలుగు బ్యాంకులల్ల వరుసగ అప్లై చేస్తే ఆ బ్యాంకులు చూసినయి రికార్డు అయితయి, దెబ్బ దానికి పడతది.

స్కోరు 300 నుంచి 900 దాక ఉంటది. నాది అంతకు ఏడాది కింద 771, ఆ రాత్రి 709. నా కార్డు దగ్గర నెలనెలా గడులు ఉన్నయి, అన్నిట్ల 000 అని ఉన్నది, అంటే సున్న రోజులు లేటు అని. కడుపుల సల్లవడ్డది. కిందికి జరిపితే ఇంకొక ఖాతా వచ్చింది, ట్రాక్టర్ లోను, పక్కన గ్యారంటర్ అని రాసి ఉన్నది. అక్కడ గూడ గడులు, 000, 000, 000, ఆ తర్వాత 32, ఆ తర్వాత 63. మా ఇంటామె ఆ 63 మీద వేలు పెట్టి "ఇది మా తమ్మునిదే కద" అన్నది. నాకు అప్పుడు యాదికొచ్చింది, మూడేండ్ల కింద బామ్మర్ది ట్రాక్టర్ తీసుకునేటప్పుడు నేను సంతకం పెట్టిన. ఆ రోజు పెట్టి ఆ రోజే మర్చిపోయిన, సంతకం కద, పైసలు మనవి కావు కద అనుకున్న.

తెల్లారి ఫోన్ చేస్తే బామ్మర్ది నిజమే చెప్పిండు. "బావా, బత్తాయి రేటు పడ్డది, కిస్తీలు లేటయినయి, అమ్మినంక మొత్తం కట్టిన. నీదాక వస్తదని నాకు తెల్వదు" అన్నడు. గొంతు చూస్తే పాపం ఏడ్చేటట్టున్నడు, ఏం అనబుద్ధి కాలే. నిజంగనే తెల్వదు పిల్లగానికి, నాకే తెల్వకపాయె. గ్యారంటర్ సంతకం అంటే ఆ లోను నా రిపోర్ట్‌ల గూడ ఎక్కుతది, అవతలోళ్ల కిస్తీ తప్పితే మచ్చ నాకు గూడ పడతది. మన దిక్కు చుట్టాలల్ల సంతకం పెట్టనంటే సంబంధాలు తెగుతయి, నేను పెట్టొద్దు అంటలేను, పెట్టినోళ్లు ఆర్నెల్లకొకసారి రిపోర్ట్ చూసుకోండ్రి అంటున్న.

ఇంతవరకైతే సరే. నన్ను అసలు దెబ్బకొట్టింది దాని తర్వాత జరిగింది. లిమిట్ తగ్గించిన రోజు నా కార్డు మీద 36,000 బాకీ ఉన్నది. లక్షా ఇరవై వేలల్ల 36,000 అంటే 30 శాతం, మంచిగనే ఉన్నట్టు లెక్క, స్కోరుకు 30 లోపల ఉండాలె అని అందరు చెప్పేది అదే. తెల్లారేసరికి లిమిట్ 40,000 అయితే అదే 36,000 బాకీ 90 శాతం అయింది! నేను కొత్తగ ఒక్క రూపాయి గీకలే, అప్పు పెరగలే, లెక్క మాత్రం మారిపోయింది. బ్యూరో కాడ చూస్తే ఈ మనిషి లిమిట్ మొత్తం గుంజి వాడుతుండు, పైసలకు కటకట ఉన్నట్టుంది అని అనిపిస్తది. ఇంకో నెలకు చూస్తే స్కోరు 709 నుంచి 674. స్కోరు తగ్గిందని లిమిట్ తగ్గిస్తరు, లిమిట్ తగ్గేసరికి స్కోరు ఇంక తగ్గుతది, గానుగెద్దు లెక్క అక్కడనే తిరుగుతుంటం. ఇది నాకు ముందు తెలిస్తే మెసేజ్ వచ్చిన్నాడే ఎట్లనో అట్ల బాకీ దించుతుంటి.

మా షాపు ఎదురుంగ ఇంట్ల ఉండే సారు గవర్నమెంట్ టీచరు, ఆయన స్కోరు గూడ అప్పట్ల నా లెక్కనే 770 చిల్లర, కార్డు లిమిట్ మాత్రం 3 లక్షలు. ఇదేందని నాకు అప్పుడు బాధనిపించింది. స్కోరు ఒక్కటే చూసి లిమిట్ ఇయ్యరు. నెలకు వచ్చే ఆమ్దాని ఎంత, దాంట్ల కిస్తీలకు పోయేదెంత, వేరే కార్డుల మీద లిమిట్ ఎంతున్నది, ఆ బ్యాంకుల ఖాతా ఎట్ల నడుస్తున్నది అన్నీ చూస్తరు. సారుకు జీతం ఆ బ్యాంకులనే పడతది. నా ఆమ్దాని అంటే నేను వేసిన ఐటీ రిటర్న్‌ల ఉన్న అంకెనే, అది నేను తక్కువ చూపించిన. 2023 నవంబర్‌ల ఆర్‌బీఐ క్రెడిట్ కార్డు బాకీల రిస్క్ వెయిట్ 125 నుంచి 150 శాతానికి పెంచింది, అంటే మనకిచ్చే ప్రతి రూపాయికి బ్యాంకు తన సొంత మూలధనం ఎక్కువ పక్కన పెట్టాలె. ఇగ బ్యాంకులు పాత కార్డులను గూడ గట్టిగ జల్లెడ పడతయి కద.

మా తమ్ముని కొడుకు జడ్చర్ల దగ్గర కంపెనీల చేస్తడు, వానికి స్కోరే లేదు, మైనస్ 1 అని చూపెట్టింది. "పెద్దనాయినా, నేను ఏ అప్పు చెయ్యలే, నాకెందుకు ఇయ్యరు" అని అడిగిండు. అప్పు చెయ్యనోని గురించి రాసెతందుకు ఏం ఉండదు బిడ్డా అని చెప్పి 25,000 ఎఫ్‌డీ చేయించి దాని మీద కార్డు ఇప్పిచ్చిన, 20,000 లిమిట్ వచ్చింది. నెలకు పెట్రోలు, ఫోన్ రీచార్జ్ వరకే వాడమన్న.

నేను చేసింది చెప్త. చిట్టి ఎత్తి కార్డు బాకీ 36,000 ఒక్కసారే కట్టిన. మినిమం, అంటే బిల్లుల తక్కువల తక్కువ కట్టాల్సిన వంతు, కడితే సరిపోతది అని ఒకాయన సలహా ఇచ్చిండు, వినలే. మినిమం కడితే లేటు పడదు గని బాకీ అట్లనే ఉంటది, చాన కార్డులకు నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ, ఏడాదికి 36 నుంచి 42 శాతం అయితది, మన ఊర్ల మూడు రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమంటది. ఇప్పుడు గూడ బిల్లు డ్యూ డేట్ దాక ఆగుతలేను, స్టేట్‌మెంట్ తయారుకాకముందే సగానికి పైన కడుతున్న, ఎందుకంటే బ్యాంకు బ్యూరోకు చాన మట్టుకు స్టేట్‌మెంట్ల ఉన్న బాకీనే పంపుతది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి బ్యూరోకు లెక్క పంపాలె, అందుకే మంచి గూడ తొందరగనే ఎక్కుతది.

ట్రాక్టర్ లోను సంగతి ఏందంటే, బామ్మర్ది పాత కిస్తీలు కట్టి మూడు నెలలైనా ఫైనాన్స్ వాళ్లు ఇంక బకాయి ఉన్నట్టే చూపెడుతున్నరు. రసీదులు పెట్టి బ్యూరో వెబ్‌సైట్‌ల కంప్లైంట్ ఇచ్చిన. 30 రోజుల్ల సరిచెయ్యకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల లెక్కన మనకు ఇయ్యాలని రూల్ ఉన్నది, 2024 ఏప్రిల్ నుంచి. నాది ఇరవై రెండో రోజే సరి అయింది. ఆ 32, 63 గడులు మాత్రం పోవు, అవి నిజంగ జరిగినయి కద. నిజమైన మచ్చను తీసేస్తం, పదివేలు ఇయ్యుండ్రి అని ఫోన్లు చేసేటోళ్లు ఉన్నరు, ఒక్క రూపాయి గూడ ఇయ్యకుండ్రి. లిమిట్ పెంచుతం ఓటీపీ చెప్పుమనేటోళ్లు గూడ గంతే, పెంచేదుంటే బ్యాంకు యాప్‌లనే కనపడతది.

ఇప్పుడు స్కోరు 738. పోయిన నెల యాప్‌ల 75,000 లిమిట్ ఆఫర్ వచ్చింది, ఒప్పుకున్న, యాసంగి మళ్ల వస్తున్నది గద. ట్రాక్టర్‌వి ఇంక నాలుగు కిస్తీలు ఉన్నయి. బామ్మర్ది కట్టినప్పుడల్లా రసీదు ఫోటో తీసి వాట్సాప్‌ల వాళ్ల అక్కకు, నాకు ఇద్దరికి పంపుతుండు, మొన్న 5వ తారీఖుది గూడ వచ్చింది.