ఒక్క నవ్వు ఎమోజీయే కదా

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్ రోజుల వాట్సాప్ గ్రూప్‌ని నిన్న రాత్రి పైకి స్క్రోల్ చేస్తూ పోయాను. కొత్తగా దిగిన శ్రీకాకుళం కుర్రాడి యాసని ఎవడో రికార్డ్ చేసి పెట్టాడు. కింద 23 నవ్వులు. ఒకటి నాది.

"ఊరికే ఆటపట్టించాం" అనుకున్నాం. మనస్సాక్షి నోరు నొక్కే పద్ధతుల్ని ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త వివరించారు. తప్పుకి మెత్తని పేరు పెట్టడం, బాధ్యతని గుంపుకి పంచేయడం, చివరికి "వాడే ఓవర్ చేస్తున్నాడు" అని పడ్డవాడి మీదికే నెట్టడం. మేం మూడూ చేశాం. 23 మందికి పంచితే నా వాటా ఎంతని? లెక్కల్లో నేను ఎప్పుడూ గట్టే లెండి.

ఫోన్‌లో వాడి మొహం కనపడలేదు. మర్నాడు భోజనాల దగ్గర కనపడింది. సాంబార్ కావాలని గిన్నె వైపు వేలు చూపించాడు. నోరు విప్పలేదు.